ఫొటోలో లక్నవరం, పడుకోబెట్టింది శిఖం భూమిలో: చెరువు క్యాంపింగ్‌కు అడ్వాన్సు కట్టేవాళ్లు చదవండి

ములుగు వైపు చెరువు ఒడ్డున టెంట్లు, చలిమంట, రాత్రి భోజనం అంటూ ఫోన్లలో ఒక ప్రకటన తిరుగుతోంది. అది చూసి అడ్వాన్సు కట్టబోతుంటే ఒక్క పూట ఆగండి. మేము ముప్పై ఒక్క మందిమి వెళ్లి వచ్చాం. నిర్వాహకుడి పేరు ఇక్కడ రాయడం లేదు. నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, పైగా ఇలాంటివాళ్లకు పేరు మార్చుకోవడం చొక్కా మార్చుకున్నంత తేలిక. ఆయన ఎలా బుట్టలో వేశాడో చెబుతాను, అది తెలిస్తే చాలు.

మాది హనుమకొండ. పదో తరగతి కలిసి చదివినవాళ్లం పాతికేళ్ల తరువాత కుటుంబాలతో ఒకచోట కలవాలనుకున్నాం. ఫంక్షన్ హాలు వద్దు, ప్లాస్టిక్ కుర్చీల్లో వరుసగా కూర్చుని శాలువాలు కప్పుకోవడం అసలే వద్దు, నీళ్ల పక్కన ఒక రాత్రి గడుపుదాం అన్నారు. సంక్రాంతి వెళ్లాక రెండో శనివారం ఖాయం చేసుకున్నాం. డబ్బు వసూలు చేసే పని నా నెత్తిన పడింది. తరువాత మాటలు పడిందీ నేనే.

ప్రకటనలో మొదటి ఫొటో లక్నవరం వేలాడే వంతెన. ఈ ప్రాంతంవాళ్లకు దాన్ని పరిచయం చేయక్కర్లేదు. గోవిందరావుపేట మండలంలో కాకతీయుల కాలం నాటి చెరువు, మధ్యలో దీవులు, దీవికి వెళ్లే వంతెన. ఆ ఫొటో కింద "లేక్ వ్యూ క్యాంపింగ్" అని పెద్ద అక్షరాలు. మాకు లక్నవరం అనే అర్థమైంది. ఫోన్ చేసి "లక్నవరంలోనే కదండీ?" అని అడిగాను. "ఆ ఏరియానే సార్" అన్నాడు. ఆ "ఏరియా" అనే మాట దగ్గరే నాకు అనుమానం రావాలి. రాలేదు.

పెద్దలకు తలకు 1,400, పిల్లలకు 700. పెద్దలం ఇరవై నాలుగు మందిమి, పిల్లలు ఏడుగురు, మొత్తం 38,500. అడ్వాన్సు 20,000 పంపమన్నాడు. అది ఒక మనిషి సొంత పేరు మీదున్న ఫోన్ నంబరుకు వెళ్లింది. రసీదు అడిగితే "ఫోన్‌లో వచ్చిన మెసేజే రసీదు సార్" అన్నాడు. లొకేషన్ పంపమంటే "ముందురోజు సాయంత్రం పంపుతాం, గుంపులు గుంపులుగా వచ్చేస్తున్నారు" అని చెప్పాడు. ఇదేదో బాగా గిరాకీ ఉన్న చోటు అనుకుని మురిసిపోయాను.

శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి లొకేషన్ వచ్చింది. చూస్తే లక్నవరం కాదు. ములుగు దాటాక పెద్ద రోడ్డు వదిలి లోపలికి వెళ్లాల్సిన ఒక ఊరి చెరువు. అప్పుడే రద్దు చేద్దామన్నాను. అడ్వాన్సులో ఒక్క రూపాయి తిరిగి రాదన్నాడు. ఆ షరతు అంతకుముందు ఎక్కడా చెప్పలేదు. హైదరాబాద్ నుంచి, మంచిర్యాల నుంచి బయలుదేరినవాళ్లు అప్పటికే దారిలో ఉన్నారు. సరే, చెరువు చెరువే కదా అని సర్దుకున్నాం.

జాతర లేని ఏడాది కాబట్టి మేడారం రోడ్డు ఖాళీగానే ఉంది, నాలుగింటికల్లా చేరాం. చెరువు నిజంగానే బాగుంది. తాటిచెట్లు, నీళ్ల మీద కొంగలు, అవతల కట్ట మీద గేదెలు. కానీ పన్నెండు టెంట్లు అన్నవాడు ఎనిమిదే వేశాడు. రెండింటికి జిప్పులు పడవు. పరుపులు చేత్తో నొక్కితే చల్లగా తగిలాయి. మరుగుదొడ్లు రెండే, అందులో ఒకదానికి గడియ లేదు. ఒక ఆడమనిషి లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. రాత్రి పదకొండుకు డ్రమ్ములో నీళ్లు అయిపోయాయి. ఎదురుగా చెరువు నిండా నీళ్లు, చెంబు నింపడానికి మాత్రం చుక్క లేదు.

నేల సంగతి ముందుగా మా వెంకన్న పట్టుకున్నాడు. ఆయన వ్యవసాయం చేస్తాడు. చెప్పులు విప్పి టెంటు పక్కన నడుస్తూ ఉన్నట్టుండి వంగి ఏదో ఏరాడు. అరచేతిలో నాలుగు నత్తగుల్లలు. మట్టి పలకలు పలకలుగా పగిలి ఉంది, ఆ పగుళ్ల మధ్య తుంగ మొదళ్లు. "ఇది ఒడ్డు కాదు, చెరువు కడుపు" అన్నాడు. యాసంగి నాట్లకు తూము తీశారు, నీళ్లు రోజురోజుకూ వెనక్కి పోతున్నాయి. ఖాళీ అయిన ఆ శిఖం మీద నిర్వాహకుడు టెంట్లు పాతేశాడు. శిఖం అంటే తెలియని పట్నంవాళ్ల కోసం చెబుతున్నాను: చెరువు నిండినప్పుడు మునిగే నేల. ఆ చెరువులో అది సర్కారు భూమి. పట్టా ఏదని అడిగితే "సర్పంచి మనవాడే" అన్నాడు. నేను అడిగింది కాగితం, ఆయన చెప్పింది చుట్టరికం!

భోజనం దగ్గర మాత్రం వంక పెట్టలేను. బగారా అన్నం, మటన్, పచ్చిపులుసు, అన్నీ వేడివేడిగా వచ్చాయి. వండిన అమ్మ ఆ ఊరిమనిషే, ఆవిడ చేతికి దండం పెట్టాలి. ఆమెకు ఆయన ఇచ్చింది ఎంతో విని నా కడుపు మండింది గానీ అది వేరే కథ.

తొమ్మిదింటికి స్పీకరు పెట్టారు. మైకు, స్పీకరు ప్యాకేజీలోనే అనుకున్నాం. పది దాటాక శబ్దం తగ్గించమని మేమే అడిగాం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్ స్పీకరు వాడకూడదని 2000 సంవత్సరం నుంచీ నిబంధన ఉంది. "ఇక్కడ అడిగేవాళ్లు ఎవరు సార్" అన్నాడు పనిచేసే కుర్రాడు. పదిన్నరకు అడిగేవాళ్లే వచ్చారు. ఊళ్లోంచి నలుగురు, ఒకాయన ఇంట్లో పసిపిల్లకు జ్వరమట. ఆయన ముందు తలెత్తలేకపోయాం. నిర్వాహకుడు ఆ సమయానికి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి. మిగతావన్నీ డబ్బు గొడవలు, ఇది ప్రాణం సంగతి. అర్ధరాత్రి దాటాక చలి పెరిగింది. పిల్లలు పడుకున్న టెంటులో చల్లగా ఉందంటే, ఆ కుర్రాడు చలిమంటలోంచి బొగ్గులు తీసి ఒక ఇనుప కుంపటిలో పోసి టెంటు లోపల పెట్టబోయాడు. పాపం, వాడు మంచికే చేశాడు. మాలో ఒకామె ఆసుపత్రిలో నర్సు. చూసి ఒక్క అరుపు అరిచి కుంపటి బయటికి లాగించింది. మూసిన చోట కాలే బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు, పడుకున్నవాళ్లకు మెలకువ కూడా రాదు. టెంటు తలుపు కాస్త తెరిచి ఉంచాం కదా అంటే కుదరదు. చలి వేస్తే ఇంకో దుప్పటి కప్పుకోండి, ఒకరి పక్కన ఒకరు పడుకోండి, నిప్పును మాత్రం గుడ్డ గోడల లోపలికి రానివ్వకండి. ఆ కుర్రాడికి ఈ ముక్క చెప్పినవాళ్లు లేరు. అంటే మాకు ముందు వచ్చినవాళ్ల టెంట్లలోనూ అలాగే పెట్టి ఉంటాడు.

తెల్లవారుజామున అయిదింటికి ఎవరో టార్చి వేసుకుని వచ్చారు. చేపలు పట్టే పెద్దాయన, తన వల కోసం వచ్చాడు. చివరి టెంటు తాడును వల కట్టే కర్రకు కట్టేశారు. రాత్రి గాలికి టెంటు ఊగినప్పుడల్లా కర్ర లాగి, వల ఒక పక్క జానెడు మేర చిరిగింది. ఆయన కోప్పడలేదు. కూర్చుని ముడి విప్పుకుంటూ "మీకు తెల్వదు కదా బిడ్డా, మొన్న వచ్చినవాళ్లు గూడా గిట్లనే జేసిన్రు" అన్నాడు. చెరువులో చేపలు వాళ్ల మత్స్య సహకార సంఘానివి, ఒడ్డున వలలు ఆరేసుకునే చోటు కూడా వాళ్లదే. ఆ చోటునే నిర్వాహకుడు మాకు తలకు 1,400 లెక్కన అద్దెకిచ్చాడు. వల బాగుకు 600 ఇచ్చాం, వద్దు వద్దంటూనే తీసుకున్నాడు.

పొద్దున టిఫిన్ తొమ్మిదన్నర దాకా రాలేదు. ఇంట్లోంచి తెచ్చిన సర్వపిండి, మిగిలిన పండగ సకినాలు పిల్లల ఆకలి తీర్చాయి.

బిల్లు అప్పుడు వచ్చింది. మిగిలిన 18,500 మీద స్పీకరుకు 3,000, చలిమంట కట్టెలకు 1,500, ఆపైన మొత్తం మీద 18 శాతం జీఎస్టీ అంటూ 6,930. జీఎస్టీ నంబరు చూపించమన్నాం. గోడకు తగిలించిన అట్ట చూపించాడు. మా శీను రైసుమిల్లులో లెక్కలు రాస్తాడు. దగ్గరికి వెళ్లి ఒక్కో అంకె మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. పద్నాలుగు. "జీఎస్టీ నంబరులో పదిహేను ఉంటాయి, మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, తెలంగాణదైతే 36తో మొదలవుతుంది. ఇది ఆహార పదార్థాల లైసెన్సు నంబరు కదా?" అన్నాడు. జీఎస్టీ అప్పటికప్పుడు మాయమైంది. స్పీకరు, కట్టెల డబ్బు మాత్రం ముక్కుపిండి వసూలు చేశాడు. ఆడవాళ్లు కార్లలో కూర్చుని ఉన్నారు, ఇక గొడవెందుకని 23,000 ఇచ్చేశాం. ఇప్పుడు ఆలోచిస్తే ఇవ్వకుండా ఉండాల్సింది.

ఇంటికి వచ్చాక 1915కు ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నమోదు చేశారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆయన చిరునామా నా దగ్గర లేదు. రసీదు లేదు, సంస్థ పేరుతో ఖాతా లేదు, ఉన్నదల్లా ఒక ఫోన్ నంబరు. నోటీసు పంపాలంటే ఎక్కడికి పంపాలి? అడ్వాన్సు కట్టేముందే అది అడగాల్సిన మాట. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ఆ కాగితాలే సిద్ధం చేస్తున్నాను. కథ తెలిసి ఆయన ఫోన్ చేశాడు, 2,000 తిరిగి ఇస్తానని, "నెట్‌లో ఏమీ రాయకండి సార్" అని.

నిజంగా లక్నవరంలోనే ఉండాలనుకుంటే పర్యాటక శాఖ గదులను వాళ్ల సొంత వెబ్‌సైటులోనే చూసుకోండి. పాకాల వైపు ఎవరైనా రాత్రి టెంట్లు అంటే, అది వన్యప్రాణి అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి కాగితం చూపించమనండి. ఇక ఊరి చెరువు ఏదైనా సరే, డబ్బు పంపేముందు ఒక మనిషి పగలు వెళ్లి నేల చూసి రావాలి. మాలో నలుగురికి కార్లున్నాయి, గంటన్నర ప్రయాణం, ఎవరూ కదల్లేదు. నేను కూడా.

ఆ ప్రకటన ఎలా గుర్తుపట్టాలంటే: వేలాడే వంతెన ఫొటోలో ఎడమ పక్కన పసుపు గొడుగు పట్టుకున్న చిన్నపాప ఉంటుంది. కింద చెరువు పేరు ఎక్కడా ఉండదు, "లేక్ వ్యూ" అని మాత్రమే ఉంటుంది. ఫోన్ చేస్తే "ఆ ఏరియానే సార్" అంటాడు. నిన్న మా మేనల్లుడి కాలేజీ గ్రూపులో మళ్లీ వచ్చింది, శివరాత్రి జాగారం ప్యాకేజీ అట, ఈసారి తలకు 1,600.