తేమ శాతం, పలుచని కాఫీ, పొడవాటి బల్ల: అయోవా పల్లెలో ఒక కేఫ్

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సూ సిటీ నుంచి 20వ నంబరు హైవే మీద తూర్పుగా గంటన్నర ప్రయాణిస్తే వచ్చే రెండు వేల జనాభా ఊరిలో, కోర్టు భవనానికి ఎదురుగా ఉన్న ఈ కేఫ్‌లో నేను ఏడేళ్లుగా వారానికి రెండు మూడు సార్లు తింటున్నాను. చదువు పూర్తికాగానే రెండేళ్లు స్వదేశంలో ఉండిరావాలన్న జె-1 వీసా (విదేశీ వైద్యులు శిక్షణకు వచ్చే వీసా) నిబంధన నుంచి మినహాయింపు కావాలంటే వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. తెలుగు వైద్యులు ఎందరో ఆ దారిలోనే అమెరికా ఉత్తర-మధ్య ప్రాంతమైన మిడ్‌వెస్ట్ పల్లెలకు చేరారు. నేనూ అలాగే ఇక్కడి 25 పడకల ఆసుపత్రికి వచ్చి, గడువు తీరినా ఉండిపోయాను. రాత్రి డ్యూటీ దిగాక ఉదయం అయిదున్నరకు దీపం వెలిగి ఉండే చోటు ఊళ్లో ఇదొక్కటే. ఇటువైపు కొత్తగా వచ్చే మనవాళ్లకు పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు తిండి సంగతి. ఇక్కడ తప్పక తినవలసింది పోర్క్ టెండర్‌లాయిన్ శాండ్‌విచ్. పంది నడుము మాంసాన్ని సుత్తితో పలుచగా సాగగొట్టి, బిస్కెట్ల పొడి అద్ది నూనెలో వేయించి బన్నులో పెడతారు. ముక్క బన్నుకు రెండింతలు ఉంటుంది కాబట్టి అంచులు ముందు తిని, తర్వాత బన్ను దగ్గరికి రావాలి. ఇక్కడి వంటమనిషి దాన్ని నూనె ఓడకుండా, లోపల తడి ఆరకుండా వేయిస్తుంది. జూన్‌లో రూబార్బ్ అనే పుల్లని కాడలను పిండి పొరలో పెట్టి కాల్చి చేసే 'పై' అనే తీపి వంటకంలోని పులుపు మన చింతచిగురు తిన్న నాలుకకు వెంటనే నచ్చుతుంది. కాఫీ మాత్రం పలుచన. చిక్కని డికాక్షన్‌కు అలవాటుపడినవారు దాన్ని వేడినీళ్ల కిందే లెక్కవేసుకోవాలి, అయితే కప్పు ఖాళీ అయ్యేలోపే అడగకుండా మళ్లీ నింపుతారు.

శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. మా ఆవిడ మాంసం తినదు. మొదటి ఏడాది కూరగాయల సూప్‌లో మాంసం లేదని చెప్తే తీసుకుంది, సగం తాగాక అది గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లతో చేసినదని తెలిసింది. అడిగినప్పుడు ముక్కలు లేవు కదా అన్నది వారి ఉద్దేశం, కానీ మాకు ఆ రోజు చాలా బాధ కలిగింది. యజమానురాలు స్వయంగా వచ్చి క్షమాపణ చెప్పి, ఆ తర్వాత సూప్ దేనితో చేశారో బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. అయినా ఏది తీసుకున్నా నీళ్లు దేనివి, వేయించిన కొవ్వు ఏమిటి అని అడిగే తీసుకోండి.

ఈ కేఫ్‌కు నేను మళ్లీ మళ్లీ వెళ్లడానికి అసలు కారణం కిటికీ పక్కనున్న పొడవాటి బల్ల. ఉదయం ఆరుకల్లా అక్కడ ఏడెనిమిది మంది రైతులు చేరతారు. ఒక సెప్టెంబరులో వారిలో పెద్దాయన జేబులోంచి మొక్కజొన్న కంకి తీసి, మధ్యకు విరిచి, వరుసలు లెక్కపెట్టి నా ముందు పెట్టాడు. 16 వరుసలున్నాయి. వరుసలు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉంటాయని చెప్పి, ఒక గింజ ఒలిచి, దాని మొదట్లో ఏర్పడిన నల్లని పొరను గోటితో గీకి చూపించాడు. ఆ పొర వస్తే గింజ పక్వానికి వచ్చినట్టు, ఇక ఆరడమే తరువాయి. తేమ 15 శాతం దాటితే ఎలివేటర్ అని పిలిచే ధాన్యపు గోదాములో ఆరబెట్టే ఖర్చు, తరుగు కలిపి ధర కోస్తారని ఆయన అంటుంటే, మార్కెట్ యార్డులో తేమ యంత్రం వైపు చూస్తూ నిలబడిన మా నాన్న నాకు గుర్తుకొచ్చాడు. అక్కడ హద్దు 14 శాతం, కొలత క్వింటాలు. ఇక్కడ కొలత 56 పౌండ్ల బుషెల్. "మీ ఊళ్లో కూడా ఇంతేనా, డాక్?" అని ఆయన అడిగాడు. ఇంతేనని చెప్పాను. ఆ రోజు నుంచి ఆ బల్ల దగ్గర నాకొక కుర్చీ ఉంది.

రాజకీయాలు ఆ బల్ల మీదికి ధర దారిలోనే వస్తాయి. 2012 కరువులో బుషెల్ ఎనిమిది డాలర్లు దాటిన మొక్కజొన్న 2024 కోతల నాటికి నాలుగు డాలర్ల దగ్గర ఆగింది. 2018లో చైనా అమెరికా సోయా మీద 25 శాతం సుంకం వేసినప్పటి దెబ్బను వారు ఇప్పటికీ తలుస్తారు. రాష్ట్రపు మొక్కజొన్నలో సగానికి పైగా పెట్రోలులో కలిపే ఇథనాల్‌కే పోతుంది కాబట్టి వాషింగ్టన్‌లో ఇంధన నిబంధన మారితే ఇక్కడ కప్పులు బల్ల మీద గట్టిగా ఆనతాయి. 2008, 2012లలో ఒబామాకు ఓటేసి 2016లో ట్రంప్ వైపు మళ్లిన కౌంటీలు (మన జిల్లాల వంటివి) అయోవాలో 31 ఉన్నాయి. ఆ మార్పును నేను పత్రికల్లో చదివిన దానికంటే ఇక్కడ విన్నది ఎక్కువ. మాట పెరిగితే వడ్డించే ఆమె తోలు గిన్నెలో పాచికలు తెచ్చి నడుమ పెడుతుంది. ఓడినవారు అందరి కాఫీకి డబ్బు కట్టాలి, ఆట మొదలైతే వాదన ఆగుతుంది.

ఒక లోటు దాచకుండా చెప్పాలి. పక్క ఊరి మాంసం కర్మాగారంలో రాత్రి షిఫ్టు ముగించుకొని స్పానిష్ మాట్లాడే కార్మికులు ఆరున్నరకు వచ్చి, పొట్లాలు కట్టించుకొని వెళ్తారు. ఈ రైతులు పెంచిన పందులను కోసేది వారే. ఏడేళ్లలో వారిలో ఒక్కరు కూడా ఆ పొడవాటి బల్ల దగ్గర కూర్చోవడం నేను చూడలేదు. ఎవరూ పొమ్మనలేదు, కానీ రమ్మనీ అనలేదు. నన్ను పిలిచిన ఊరు వారిని ఎందుకు పిలవలేదన్నది నన్ను చాలాకాలంగా కలచివేస్తోంది. నా తెల్లకోటుకు ఇచ్చిన మర్యాదలో కొంత వారి చెమటకూ దక్కాలని ఒకసారి ఆ బల్ల దగ్గరే అన్నాను. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాతి వారం ఆయన తలుపు దగ్గర నిలబడిన ఒక యువకుడిని పేరు పెట్టి పలకరించడం విన్నాను.

టెండర్‌లాయిన్ 12 డాలర్లు, కాఫీ రెండు. కార్డు తీసుకోరు, నగదు గాని చెక్కు గాని ఉండాలి. మధ్యాహ్నం రెండింటికి మూసేస్తారు. ఆదివారం చర్చి వదిలాక చోటు దొరకదు. అక్టోబరులో రైతులంతా కోతల్లో ఉంటారు, వంటిల్లు పొలాలకు పంపే పొట్లాలతోనే సతమతమవుతుంది. కాబట్టి ఆ బల్ల దగ్గర కూర్చోవాలనుకునేవారు నవంబరు మధ్యలో, ఆరు గంటలకు ముందే వెళ్లండి.