మా ఏసీ మెకానిక్‌ల అసోసియేషన్ టూల్ రూమ్: కొన్ని సీజన్లు వాడినంక చెప్తున్న

మా దిక్కు ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌ల అసోసియేషన్ల చేరితే ఏమొస్తదని పని నేర్చుకునే పిల్లలు బాగ అడుగుతుంటరు. ఐడీ కార్డు, క్యాలెండర్, విశ్వకర్మ జయంతి నాడు భోజనాలు, వాట్సాప్ గ్రూపు, ఇవన్నీ అందరికీ ఎరుకే కాబట్టి వాటి గురించి రాస్తలేను. నేను రాసేది ఒక్క టూల్ రూమ్ గురించే. ఊర్లల్ల తిరిగి గ్యాస్ కొట్టుకునేటోన్ని ఇయ్యాల ఆసుపత్రులకు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) చేస్తున్ననంటే అది ఆ రూమ్ వల్లనే, ఈ మాట ఎక్కడైనా చెప్త.

రూమ్ అంటే పెద్దగ ఊహించుకోకుండ్రి. నల్లగొండల ఒక స్పేర్ పార్ట్స్ షాపు పైన చిన్న గది, దాంట్ల ఇనుప బీరువా. బీరువాల పైపులల్ల గాలి, తడి గుంజేసే టూ స్టేజ్ వాక్యూమ్ పంపు, ఆ వాక్యూమ్ ఎంత వచ్చిందో చూపే మైక్రాన్ గేజ్, లీకు చూసేటప్పుడు వాడే నైట్రోజన్ రెగ్యులేటర్, మిషన్ల పాత గ్యాస్ వెనక్కి తీసే రికవరీ మిషన్, గ్యాస్ తూకం చేసే డిజిటల్ కాంటా ఉంటయి. మెంబర్ అయితే రిజిస్టర్ల సంతకం పెట్టి రోజు కిరాయి కట్టి తీస్కపోవచ్చు, కిరాయి కూడా ఏం ఎక్కువ కాదు. పంపు, గేజ్, రికవరీ మిషన్ ఈ మూడు మంచివి కొనాలంటేనే యాభై వేల పైమాట, నేను హాలియాల షాపు పెట్టిన కొత్తల నా దగ్గర ఉన్నది ఒక ప్రెషర్ గేజ్ సెట్టు, పైపు మూతి వెడల్పు చేసే ఒక ఫ్లేరింగ్ టూల్, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తోని చేసిన పంపు, అంతే.

ఆర్-22 అనే పాత గ్యాస్ ఉన్నన్ని రోజులు ఆ కంప్రెసర్ పంపుతోని అందరం నడిపించినం, కొందరైతే అది కూడా లేకుండ కొంచెం గ్యాస్ వదిలి పైపుల గాలి బయటికి పంపి అదే వాక్యూమ్ అనుకున్నరు. ఆ మిషన్లల్ల మినరల్ ఆయిల్ ఉండె కాబట్టి ఎట్లనో నడిచినయి. 410 (ఆర్-410ఏ), ఆర్-32 అనే కొత్త గ్యాస్‌లు వచ్చినంక ఆ ఆట సాగదు. వీటి కంప్రెసర్లల్ల వాడే పీఓఈ అనే సింథటిక్ ఆయిల్ గాలిల తడిని గుంజుకుంటది, తడి లోపట మిగిలితే ఆ ఆయిల్ యాసిడ్ అయితది, అది మెల్లగ కంప్రెసర్ వైండింగ్‌ను తింటది. కస్టమర్‌కు ఇయ్యాల చల్లగనే వస్తది, మల్ల వచ్చే ఎండాకాలం మే నెలల బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు కంప్రెసర్ పోతది, పోయినంక మెకానిక్‌నే తిడ్తరు, మిషన్ పెట్టిననాడు వాక్యూమ్ ఎవ్వలు చూసిండ్రు.

ఇది నాకు అర్థమైంది కూడా అసోసియేషన్ పెట్టించిన ట్రైనింగ్‌లనే. 2019ల ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ అని కేంద్రం తెచ్చింది కదా, దాంట్ల 2022-23 కల్లా లక్ష మంది సర్వీస్ టెక్నీషియన్లకు ట్రైనింగ్ ఇచ్చి సర్టిఫికెట్ ఇయ్యాలని రాసుకున్నరు. ఆర్-22 కూడా ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2030 కల్లా బందు కావాలె, పాత మిషన్ల సర్వీసింగ్‌కు మాత్రం కొద్దిగ ఉంటది. ట్రైనింగ్ సార్ ఒక మాట చెప్పిండు, అమెరికాల పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టిన 608 సర్టిఫికెట్ లేకుంటే మెకానిక్‌కు ఆర్-22, 410 అమ్మరంట. మన దగ్గర షాపుకు పోయి పైసలిస్తే ఎవలికైనా డబ్బా ఇస్తరు. మంటపట్టే గుణమున్న ఆర్-32 కూడా గట్లనే అమ్ముతున్నరు, దీని గురించి అసోసియేషన్లు గట్టిగ మాట్లాడాలె అనేది నా అభిప్రాయం, కానీ అది వేరే ముచ్చట.

ఇగ అసలు సంగతి. మిర్యాలగూడల ఒక కంటి ఆసుపత్రికి సీలింగ్‌ల పెట్టే క్యాసెట్ ఏసీల పని సబ్ కాంట్రాక్ట్ కింద వచ్చింది. అట్లాంటి పని నాకు అదే మొదటిది. కాంట్రాక్టర్ ఇంజనీర్ షరతు ఏందంటే ప్రతి మిషన్‌కు 500 మైక్రాన్ లోపు వాక్యూమ్ రావాలె (నంబర్ ఎంత తక్కువైతే వాక్యూమ్ అంత మంచిది), గేజ్ రీడింగ్ ఫొటో తీసి పంపాలె, లేకుంటే బిల్లు పాస్ కాదు. టూల్ రూమ్‌ల పంపు, గేజ్ తీస్కపోయిన. పైపులు వేసి, నైట్రోజన్ పెట్టి రాత్రంతా ఉంచితే ప్రెషర్ ఇంత కూడా దిగలేదు, అంటే లీకు లేనట్టే. పొద్దున పంపు పెట్టిన. గేజ్ 2000 దాక వచ్చి ఆగింది, గంట అయినా కిందికి రాదు, గొట్టాలు మార్చిన, వాల్వ్ కోర్ తీసిన, ఫ్లేర్ నట్లు మల్ల బిగించిన, ఊహూ. ఇంజనీర్ వచ్చి చూసి నీ జాయింట్లు లీకు ఉన్నయి, కాపర్ అంతా విప్పు అన్నడు. సీలింగ్ అప్పటికే మూసేసిండ్రు.

అసోసియేషన్ల ఒక పెద్దమనిషి ఉన్నడు, ఐటీఐల ఎంఆర్ఏసీ (ఫ్రిజ్, ఏసీ మెకానిక్ కోర్సు) చేసి మస్తు ఏండ్ల సంది ఇదే పనిల ఉన్నోడు, ఆయనకు ఫోన్ కొట్టిన. ఏమీ విప్పకు తమ్మీ, ముందు పైపులైన్ పక్కకు పెట్టి గేజ్‌ను సీదా పంపుకే తలిగియ్యి అన్నడు. తలిగిచ్చిన, పంపు ఒక్కదానికే 1800 మీద ఆగింది. అంటే లోపం నా పైపుల లేదు, పంపుల ఉంది. ఆయిల్ అద్దం చూడు అన్నడు, చూస్తే ఆయిల్ మజ్జిగ తీరు తెల్లగ ఉంది, అంటే దాంట్ల తడి కలిసినట్టు. ముందల తీస్కపోయినోడు తడి లైన్ మీద వాడి, ఆయిల్ మార్చకుండనే తెచ్చి బీరువాల పెట్టిండు.

పంపు ఆయిల్ మిర్యాలగూడల దొరకలే. ఆ పెద్దమనిషే షాపుల కొని నల్లగొండల బస్సెక్కించి, డ్రైవర్ చేతికిచ్చి నాకు బస్ నంబర్ మెసేజ్ పెట్టిండు, నేను బస్టాండ్ల నిలబడి తీసుకున్న. పంపు వేడి మీద ఉన్నప్పుడే ఆయిల్ దించమన్నడు. కొత్తది పోసి, పంపుల తడిని బయటికి పంపే గ్యాస్ బ్యాలస్ట్ వాల్వ్ తెరిచి కొంతసేపు నడిపి, మల్ల దించితే అది కూడా కొంచెం తెల్లగనే వచ్చింది. రెండోసారి పోసినంక పంపు మంచిగ కిందికి గుంజింది, లైన్‌కు పెట్టినంక గేజ్ 400 లోపలికి పోయింది. అప్పుడు వాల్వ్ మూసి చూడమన్నడు. రీడింగ్ ఆగకుండ పెరుగుతనే ఉంటే లీకు, కొంత పెరిగి ఒక కాడ నిలబడితే లోపట ఇంకా తడి ఉన్నట్టు, పెద్దగ పెరగకపోతే లైన్ మంచిగున్నట్టు. నాది కదలకుండ నిలబడ్డది. ఆ ఫొటో పంపిన, బిల్లు పాసయింది. ఆ ఇంజనీరే తర్వాత వేరే ఆసుపత్రి పనులకు నా నంబర్ ఇచ్చిండు, ఇప్పుడు నా షాపు నడిచేదే వాటి మీద. పంపు కిరాయికి ఎక్కడైనా దొరుకుతదేమో కానీ, పంపు మొరాయిస్తే ఫోన్ల నిలబడి చెప్పేటోడు ఎక్కడ దొరుకుతడు.

గానీ ఒక మాట. ఆ రోజు నన్ను కాపాడింది అసోసియేషన్ మనిషే, అంత గోస పెట్టింది కూడా అసోసియేషన్ పంపే. రిజిస్టర్ల ఎవలు తీస్కపోయిండ్రు, ఎప్పుడు తెచ్చిండ్రు అని రాస్తరు, ఆయిల్ మార్చిండ్రా లేదా అని రాయరు. మీటింగ్ల గట్టిగ అడిగితే ఆ కాలమ్ పెట్టిండ్రు. జనవరిల మంచిగనే నింపుతరు, ఏప్రిల్ వచ్చేసరికి ఖాళీగ ఉంటది. ఆ ఏప్రిల్, మే నెలలల్లనే అందరికీ పంపు కావాలె, ఉన్నది ఒక్కటే, నల్లగొండ టౌన్ల ఉన్నోళ్లు పొద్దున్నే పోయి పట్టుకపోతరు, దేవరకొండ, హాలియా నుంచి పోయేటోళ్లకు ఖాళీ బీరువానే. చివరికి నేను ఫైనాన్స్ మీద సొంత పంపు, గేజ్ కొనుక్కున్న. ఇప్పుడు రికవరీ మిషన్ ఒక్కటే తెచ్చుకుంట.

ఇంకోటి, నాకు ఎక్కువ బాధ అనిపించేది. హెల్పర్ పిల్లలకు మెంబర్‌షిప్ లేదు, మెంబర్ సంతకం లేకుంటే టూల్ ఇయ్యరు. ఓనర్ కింద నాలుగేండ్లు అవుట్‌డోర్ యూనిట్లు మోసే పిల్లగాడు మైక్రాన్ గేజ్ చేతుల పట్టకుండనే ఉంటడు, వాడు సొంతంగ ఎప్పుడు నిలబడాలె. ఆదివారం ఒక పూట ఆ బీరువా తెరిచి పిల్లలకు చూపిస్తే అయిపాయె కదా.

రేటు కార్డు అని ఒకటి కొట్టించిండ్రు, సర్వీస్‌కు ఇంత, గ్యాస్‌కు ఇంత అని. ఎవ్వలు పాటించరు, దానికోసమైతే చేరకండ్రి. యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ కోసం కూడా వద్దు, బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలకు ప్రధానమంత్రి సురక్ష బీమా రెండు లక్షలది మీరే తీసుకోవచ్చు, గోడల మీద వేలాడే పని మనది, ఇయ్యాలనే తీసుకోండ్రి.

నాదంటే చిన్న టౌన్ల సొంత షాపు, కొత్త ఇన్‌స్టలేషన్లు ఎక్కువ, చేతుల పైసలు లేనప్పుడు మొదలుపెట్టినోన్ని, అందుకే నాకు అంత పనికొచ్చింది. కంపెనీ సర్వీస్ సెంటర్ల పనిచేసేటోళ్లకు టూల్స్ కంపెనీయే ఇస్తది, వాళ్లకు ఇంత లాభం ఉండకపోవచ్చు. ఉత్త వాటర్ సర్వీస్, కెపాసిటర్ మార్చే పనులు చేసుకునేటోళ్లకు కూడా అంత అవసరం రాదు. కొత్తగ షాపు పెట్టి ఆర్-32 పనులు పట్టాలనుకునేటోడైతే మాత్రం రెండు మూడేండ్లన్నా మెంబర్‌గ ఉండమనే చెప్త, పంపు తెచ్చుకున్నప్పుడు ముందుగాల ఆయిల్ అద్దం చూసుకొని, ఒక ఆయిల్ డబ్బా సొంతంది సంచిల పెట్టుకోండ్రి. నేను ఈ ఏడు కూడా రెన్యువల్ కట్టిన, ఎండలు ముదరకముందే రెండో పంపు కొనాలని, హెల్పర్లకు సగం ఫీజుకు కార్డు ఇయ్యాలని రాసి ఇచ్చిన, కమిటీల ఇద్దరు ఒప్పుకున్నరు, మిగతావాళ్లు మీటింగ్ల మాట్లాడుదం అన్నరు.