నడుం నొప్పని పోతే కుట్టుపని గురించి అడిగారు

అనంతపురం పాతూరులో జాకెట్లు కుడతాను. ఉగాది ముందు నుంచి నడుం పోటు, మెడ పట్టేయడం, తల బరువు. తెల్లారుజామున మూడింటికే మెలకువ. ఎక్స్‌రే, థైరాయిడ్, రక్తం, అన్నీ నార్మల్. "మిషన్ తొక్కి తొక్కి అట్లయింది" అన్నాడు మా ఆయన. చివరికి మా ఆడపడుచు సాయినగర్‌లో ఈ మానసిక డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఏడుపేమీ రావడం లేదు కదా, నాకెందుకని గొణుక్కుంటూనే పోయినా.

నొప్పి సంగతంతా విని, "పని ఎట్లా సాగుతోందమ్మా?" అన్నారు. అప్పుడు బయటపడింది. పెళ్లికూతురి పట్టుజాకెట్టుకు రెండు చేతులూ కుడిచేతివే కత్తిరించాను. ఇరవై ఏళ్ల పనిలో ఎప్పుడూ లేదు. టేపుతో కొలిచి పుస్తకంలో రాసేలోపు అంకె పోతుంది. అదే నడుంలో చిన్న పోటొస్తే మాత్రం గంటసేపు ధ్యాసంతా దాని మీదే. ఆయన పెన్ను తీసి రాసుకున్నది ఇదే.

తర్వాత తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు, పీహెచ్‌క్యూ-9 అంట, డిప్రెషన్ ఎంతుందో చూసేది. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం ఎట్లున్నాయి, పేపరు చదివేటప్పుడో టీవీ చూసేటప్పుడో మనసు నిలుస్తోందా అని. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. 27కి నాకు 16 వచ్చాయి. స్కూల్లో కూడా నాకిన్ని రాలేదు! ఈ కాగితం ఒక్కటే చూసి జబ్బు తేల్చరని ఇంకో అరగంట మాట్లాడారు. "మీ నొప్పి అబద్ధం కాదమ్మా. డిప్రెషన్ ఒంట్లో కూడా కనిపిస్తుంది. ధ్యాస అక్కడే ఉంటే పోటు ఇంకా పెద్దగా తెలుస్తుంది" అన్నారు. అబద్ధం కాదన్న ఆ మాటకే ఏడుపొచ్చింది, చూడండి.

మాత్రలకు మొదటి వారం కడుపులో తిప్పింది. ముందే చెప్పారు కాబట్టి మానలేదు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. నాలుగో వారానికి మెలకువ మూడు నుంచి ఐదుకు జరిగింది. నడుం నొప్పి సగం ఉంది ఇంకా.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, పదింటికి టోకెనిచ్చి ఒంటిగంటకు పిలిచారు. పైగా కాంపౌండరు హాలంతా వినేట్టు "నిద్రమాత్రలామె ఎవరు?" అని అరిచాడు. నావి నిద్రమాత్రలు కూడా కాదు.

అంతదూరం పోలేనివాళ్లు ముందు 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అది, మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడే ప్రభుత్వ ఫోన్ లైను, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులక్కర్లేదు. ఈ క్లినిక్‌కే పోతే మాత్రం సాయంత్రం పోండి, ఇంటి నుంచి ఒక దిండు తీసుకుపోండి. అక్కడివన్నీ ఇనుప కుర్చీలే.