రెండు ప్రోబుల డిజిటల్ హైగ్రోమీటరు: ఎనిమిది నెలలు వాడాక

మా బుజ్జి నాలుగేళ్ల బియర్డెడ్ డ్రాగన్, అంటే ఒక రకం పెంపుడు తొండ. దాని గాజు తొట్టె గోడకు గాలిలో తేమ కొలిచే ఒక గుండ్రటి డయల్ మీటరు అతికించి ఉండేది. ముల్లు ఎప్పుడూ 40 దగ్గరే. ఇవి ఆస్ట్రేలియా లోపలి పొడి నేలల తొండలు, పగటిపూట తేమ 30 నుంచి 40 శాతం ఉంటే బాగుంటాయి. ముల్లు కూడా అదే చూపిస్తోంది కదా అని రెండేళ్లు నిశ్చింతగా ఉన్నాను.

ఒక రాత్రి లైట్లు ఆపేశాక చూస్తే బుజ్జి చల్లటి మూలలో తల పైకెత్తి, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోంది. ముక్కు దగ్గర చిన్న బుడగ. ఒళ్లు కాచుకోవడానికి పెట్టే బాస్కింగ్ లైటు కింద నోరు తెరిస్తే కంగారు పడక్కర్లేదు, ఒళ్లు బాగా వేడెక్కినప్పుడు అవి అలాగే వేడి తగ్గించుకుంటాయి. లైటు లేనప్పుడు, చల్లటి చోట తెరిచిందంటే మాత్రం టెన్షన్ పడాల్సిందే. తెల్లారేదాకా నాకు నిద్ర లేదు. డాక్టరు గారు పరీక్షించి, ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ మొదలైందని మందులు రాశారు. తొట్టెలో తేమ ఎంత అని అడిగారు. 40 అన్నాను. దేనితో కొలిచారు అని అడిగారు.

ఈ డిజిటల్ హైగ్రోమీటరు, అంటే తేమ కొలిచే మీటరు, కొన్నది ఆ రోజే. చిన్న తెర, రెండు వైర్లు, వాటి చివర్లలో కొలత తీసుకునే రెండు ప్రోబులు. ఒక్కో ప్రోబు తేమనూ ఉష్ణోగ్రతనూ విడివిడిగా చూపిస్తుంది. ఆ రోజు మొత్తంలో నమోదైన అతి తక్కువ, అతి ఎక్కువ అంకెల్ని గుర్తుపెట్టుకుంటుంది.

ఒకసారి మోసపోయాను కాబట్టి దీన్ని కూడా వెంటనే నమ్మలేదు. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా నీటి చుక్కలు కలిపాను. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. ఆ మూతనూ రెండు ప్రోబులనూ పాత డయల్ మీటరునూ ఒక జిప్ కవర్లో పెట్టి, ప్రోబులకు ఉప్పు తగలకుండా చూసి, గట్టిగా మూసి రాత్రంతా వదిలేశాను. తడి ఉప్పు ఉన్న మూసిన చోట, గది ఉష్ణోగ్రతలో, తేమ 75 శాతం దగ్గర ఆగుతుంది. పొద్దున్న ఒక ప్రోబు 76, రెండోది 78 చూపించాయి. పాత డయల్ 52 దగ్గర ఉంది. ఆ 52 చూడగానే నాకు ఏడుపొచ్చింది. రెండేళ్లుగా బుజ్జి ఏ గాలి పీల్చిందో అప్పుడు అర్థమైంది.

ఒక ప్రోబును చల్లటి వైపు, బుజ్జి పడుకునే ఎత్తులో పెట్టాను. రెండోది వేడి వైపు, లైటు సూటిగా తగలని చోట. మొదటి పగలు చల్లటి వైపు 58. మర్నాడు పొద్దున్న గరిష్ఠం చూస్తే 82! రాత్రి నేను ఒక్క చుక్క నీళ్లు కూడా చల్లలేదు. గాలి చల్లబడితే ఉన్న తేమకే శాతం పెరుగుతుంది. డయల్ మీటరు సరిగ్గా పనిచేసి ఉన్నా, పగలు మాత్రమే చూసే నాకు ఈ 82 కనిపించేది కాదు. నా దృష్టిలో ఈ మీటరులో అన్నిటికన్నా విలువైనది ఈ గరిష్ఠం చూపించే బటనే.

తర్వాత పని తేలికైంది, ఏం మార్చినా ఫలితం అంకెల్లో కనిపించింది కాబట్టి. వేడి వైపున్న వెడల్పాటి నీళ్ల గిన్నె తీసేసి, చిన్నది చల్లటి వైపు పెట్టాను. కింద పరిచిన కొబ్బరి పొట్టు తేమను పట్టి ఉంచుతోంది, దాన్ని ఎత్తేసి టైల్స్ వేశాను. పైన జాలీని సగం కప్పి ఉంచిన అట్ట తీసేశాను, ఎక్కువ తేడా కనిపించింది అక్కడే. స్నానం చేయించాక ఒళ్లు పూర్తిగా తుడిచి, ఆరాకే లోపలికి వదులుతున్నాను. ఇప్పుడు పగలు చల్లటి వైపు 26 డిగ్రీల దగ్గర 38, 40 ఉంటోంది. అదే సమయంలో వేడి వైపు ప్రోబు 35 డిగ్రీల దగ్గర 24 చూపిస్తుంది. అందుకే తేమ ఎంత అని ఎవరైనా అడిగితే, ఏ వైపు కొలిచారో కూడా అడుగుతాను. రాత్రి 57 దాకా వెళ్లి, లైటు వేసిన గంటలో దిగిపోతుంది.

లోపాలూ చెప్పాలి. ప్రోబును గోడకు పట్టించే రబ్బరు కప్పులు వేడికి ఊడిపోతాయి. టేపు మాత్రం వాడకండి, ఊడిన టేపు జంతువు చర్మానికి అంటుకుంటుంది. నేను వైరును జాలీలోంచి దించి పైన ముడేశాను. తెర వెనక లైటు లేదు, రాత్రి చూడాలంటే ఫోన్ వెలుగు కావాలి. ప్రోబు తడిస్తే చాలాసేపు 99 దగ్గరే ఉండిపోతుంది. బ్యాటరీ తగ్గినప్పుడు అంకెలు తప్పుతున్నాయి కానీ హెచ్చరిక గుర్తు రావడం లేదు, ఇది నాకు అస్సలు నచ్చలేదు. అందుకే రెండు నెలలకోసారి ఉప్పు పరీక్ష మళ్లీ చేస్తున్నాను. బాస్కింగ్ రాయి వేడి కొలవడానికి ఇది పనికిరాదు, దానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వేరే ఉండాలి.

అయిదుకు నాలుగు ఇస్తాను. తొట్టెలో డయల్ మీటరు ఉన్నవాళ్లు దీన్ని కొన్నా కొనకపోయినా, ఈ రాత్రే ఆ డయల్‌ను తడి ఉప్పుతో కవర్లో పెట్టి చూడండి. బుజ్జి మందుల కోర్సు పూర్తయింది, బుడగలు మళ్లీ రాలేదు. పోయిన వారం కుబుసం విడిచింది, తోక చివర, వేళ్ల దగ్గర కూడా ఎక్కడా ముక్క మిగల్లేదు.