నగరపు గాలిని కొలవడం: నేలమీది కేంద్రమా, లైడారా?

హైదరాబాద్‌లోని సనత్‌నగర్ వంటి చోట్ల కనిపించే పర్యవేక్షణ కేంద్రాల్లో సాధారణంగా గాలిని గొట్టంతో లోపలికి పీల్చి, సన్నని ధూళిని కాగితపు పట్టీపై పేరుకోనిచ్చి, ఆ బూడిదరంగు మచ్చ బీటా కిరణాలను ఎంత అడ్డుకుంటోందో చూసి బరువు లెక్కగడతారు. పీఎం 2.5కు, అంటే 2.5 మైక్రాన్లకు మించని ఆ సన్నని ధూళికి, మన దేశంలో 2009లో నిర్ణయించిన 24 గంటల పరిమితి, అంటే ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, దాటిందో లేదో ఇలాంటి కొలతే నేరుగా చెప్పగలదు. అయితే అది ఆ గొట్టం మూతి దగ్గరి గాలి సంగతి మాత్రమే. రెండు వీధుల అవతల ఏముందో దానికి తెలియదు.

లేజర్ కాంతిని పంపి, తిరిగివచ్చే మెరుపుతో దూరపు గాలిని చూసే లైడార్ పద్ధతి వేరు. లేజర్ మెరుపు ధూళిని తాకి ఒక మైక్రోసెకనులో తిరిగివస్తే ఆ ధూళి 150 మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఆ లెక్కన కిరణాన్ని నగరం మీదుగా తిప్పుతూ పొగ ఎక్కడ పుట్టి ఎటు సాగుతోందో గీయవచ్చు. వాయువులకైతే రెండు తరంగదైర్ఘ్యాలు వాడతారు: సల్ఫర్ డయాక్సైడ్ దాదాపు 300 నానోమీటర్ల దగ్గర ఒకదాన్ని ఎక్కువగా, పక్కదాన్ని తక్కువగా మింగుతుంది, ఆ తేడాయే గాఢతను చెబుతుంది. చలికాలపు ఉదయాల్లో కాలుష్యం ఎంత ఎత్తులో మూత పెట్టినట్టు ఆగిపోయి ఉందో చూపడం కూడా దీనికే సాధ్యం. కానీ పొగమంచులో కిరణం త్వరగా ఆరిపోతుంది, పరికరానికి మరీ దగ్గరి గాలి సరిగా కనిపించదు, తేమకు ఉబ్బిన ధూళి ఉన్నదానికన్నా ఎక్కువగా తోస్తుంది.

అందుకే చట్టపరమైన లెక్కకు కేంద్రాన్నే నమ్ముతాను. తప్పు ఏ చిమ్నీదో వెతకాలంటే మాత్రం లైడార్‌నే ఎంచుకుంటాను, దాని ఖరీదు గుండె గుభేల్మనిపించినా సరే.