క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ రివ్యూ: కార్డు మంచిదే, ఎవర్ని అడిగి నింపారన్నది చూడండి

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, 5 కి 4. ఆ ఒక్కటి కార్డు మీద కోపంతో తగ్గించలేదు, దాన్ని చేత్తో పట్టుకున్నవాళ్ల తొందర చూసి తగ్గించా. వాడకం కూడా రివ్యూలో భాగమే కదా మరి.

ఇంట్లో 65 దాటినవాళ్లు ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వీ లాంటి వైరల్ ఇన్‌ఫెక్షన్‌తో అడ్మిట్ అయితే కేస్ షీట్లో ఓ మూల "సీఎఫ్‌ఎస్ 4" అనో "సీఎఫ్‌ఎస్ 6" అనో కనబడొచ్చు, ఆ సీఎఫ్‌ఎస్సే ఈ క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్, అంటే పెద్దవాళ్ల ఒంట్లో సత్తువ ఎంత తగ్గిందో (అదే ఫ్రెయిల్టీ) అంకెలో చెప్పే బొమ్మల కార్డు. కెనడాలోని డల్‌హౌసీ యూనివర్సిటీలో కెన్నెత్ రాక్‌వుడ్ అనే వృద్ధుల డాక్టరు, ఆయన టీమ్ కలిసి 2005లో బయటపెట్టారు, అప్పుడు 7 మెట్లుండేవి, తర్వాత 9 చేశారు. 1 అంటే వయసున్నా గట్టిగా చురుగ్గా తిరిగే మనిషి. 4 అంటే రోజువారీ పనులకి ఎవరి సాయం అక్కర్లేదు గానీ నెమ్మదించారు, పగలు నీరసం నీరసం అంటుంటారు. 5కి వచ్చేసరికి డబ్బు లెక్కలు, మందులు, బయట ప్రయాణాలు లాంటివాటికి ఇంకొకరు కావాలి, 6 అంటే ఇల్లు చూసుకోడానికీ స్నానానికీ కూడా సాయం కావాలి, 7, 8 అయితే ఒంటి పనులన్నీ వేరేవాళ్లే చేయాలి. 9 సంగతి వేరు, ఆర్నెల్లకి మించి ఉండరని డాక్టర్లు అనుకునే జబ్బున్నవాళ్లు, పైకి అంత బలహీనంగా లేకపోయినా అందులోకే వస్తారు. మెషీన్ అక్కర్లేదు, రక్తం తీయక్కర్లేదు, తెలిసినవాళ్లకి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

వయసు ఉంది, జబ్బుల లిస్టు ఉంది, మళ్లీ ఇదెందుకు అనొచ్చు. ఒకే వయసు, అదే బీపీ అదే షుగరు ఉన్న ఇద్దరికి ఒకే వైరస్ వస్తే ఒకళ్లు లేచి తిరుగుతారు, ఇంకొకళ్లు జ్వరం తగ్గాక కూడా మంచం దిగలేరు, ఈ తేడా వయసు చూస్తే తెలీదు, ఒంట్లో మిగిలున్న సత్తువ ఎంతో చూస్తేనే తెలుస్తుంది. 2020లో కోవిడ్ మొదటి వేవ్‌లో యూకేలో 10 ఆసుపత్రులు, ఇటలీలో 1 ఆసుపత్రి కలిపి 1564 మంది పేషెంట్లని చూస్తే, ఎవరికి ఎలా అవుతుందన్నది వయసు కంటే, ఉన్న జబ్బుల కంటే ఈ స్కోరే బాగా చెప్పింది. సో ఊరికే నింపే ఫారం అయితే కాదు.

ఇప్పుడు నాకు ఎదురైన సంగతి. మా పెద్దమ్మకి ఫ్లూ వచ్చి ఆక్సిజన్ పడిపోతే అడ్మిట్ చేశాం, ఏ ఆసుపత్రో అనవసరం. కళ్లు తెరవట్లేదు, పిలిస్తే ఏదో గొణుగుతోంది, చేతికి సెలైన్, ముక్కుకి ఆక్సిజన్, పక్కన యూరిన్ బ్యాగ్. డ్యూటీ డాక్టరు వచ్చి చూసి 7 రాసేసి వెళ్లిపోయారు, ఎవర్నీ ఏమీ అడగలేదు. చూసినదాన్ని బట్టి 7 లాగే ఉంది, కాదనను. కానీ అలా వేయకూడదన్నదే ఈ స్కేలుకి ఉన్న మొదటి రూలు! ఇప్పుడు మంచం మీద ఎలా ఉన్నారన్నది అసలు లెక్కలోకి రాదు, జబ్బు రాకముందు, దాదాపు రెండు వారాల కిందట ఎలా ఉండేవారన్నదానికే స్కోరు వేయాలి. ఎందుకంటే ఇన్‌ఫెక్షన్‌లో ఎవరైనా అలాగే పడుకుంటారు, దానికి మార్కులేస్తే వార్డులో సగంమంది 7 అవుతారు.

తర్వాత షిఫ్టులో వచ్చిన సీనియర్ నర్సు మాత్రం తలుపు బయటికొచ్చి నన్ను కూర్చోబెట్టి అడిగింది, "మీ పెద్దమ్మగారు మొన్నటిదాకా ఎలా ఉండేవారండీ, స్నానం ఎవరి సాయం లేకుండా చేసేవారా, మందులు ఎవరు చూసుకునేవాళ్లు, మెట్లు ఎక్కేవారా, ఈ మధ్య ఏదైనా పని మానేశారా?" అని. అన్నీ ఆవిడే చేసుకునేదండీ, కాకపోతే ఏడాదిగా మధ్యాహ్నాలు ఎక్కువ పడుకుంటోంది అన్నా. 7 కొట్టేసి 4 రాసింది. ఆ రెండు అంకెల మధ్య ఎంత తేడా ఉందో మర్నాడు తెలిసింది. 7 అన్నప్పుడు ఫిజియో ఊసే లేదు, 4 అయ్యాక "ఈవిడ నడిచే మనిషి, మళ్లీ నడిపించాలి" అని అందరూ ఒకే మాట.

"ఏదైనా పని మానేశారా" అన్న ప్రశ్న నాకు బాగా నచ్చింది. జన్మలో వంటగది ముఖం చూడని పెద్దాయన ఇప్పుడు వంట చేయలేకపోతున్నారంటే అది ఫ్రెయిల్టీ కాదు కదా, అది ఆయన అలవాటు. చేసేవాళ్లు చేయలేకపోతేనే లెక్క. అలాగే బీపీ, షుగరు, పాత గుండె జబ్బు ఉన్నంత మాత్రాన స్కోరు పెరగదు, ఇది చాలామందికి తెలీదు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకీ వాడొచ్చు, కొద్దిగా ఉంటే 5, మధ్యస్థంగా ఉంటే 6, బాగా ముదిరితే 7 అని మామూలుగా వేస్తారు.

ఇక్కడో చిక్కు ఉంది, వైరల్ ఇన్‌ఫెక్షన్ కేసుల్లో మరీ ఎక్కువ. ఐసోలేషన్ అని ఇంటివాళ్లని లోపలికి రానివ్వరు. పేషెంటు చెప్పే స్థితిలో ఉండరు, చెప్పగలిగేవాళ్లు తలుపు బయట ఉంటారు. లోపల అందరికీ మాస్కులు, గౌన్లు, చెవులు సరిగ్గా వినబడని మనిషికి పెదాల కదలిక కూడా కనబడదు, కళ్లజోడు ఏ సంచిలో ఉందో తెలీదు. కారిడార్‌లో నడవకూడదు. అంటే ఏవైతే పేషెంటుని నిలబెట్టాలో అవన్నీ ఆ గదిలో కట్. అందుకే ఎవరూ అడగలేదు కదా అని ఊరుకోవద్దు, ఫోన్ చేసైనా సరే "మా ఆవిడ/ మా నాన్న రెండు వారాల ముందు ఇలా ఉండేవారు, రాసుకోండి" అని చెప్పండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అయోమయం గురించి కూడా ఒక మాట. పెద్దవాళ్లలో వైరస్ వస్తే జ్వరం, దగ్గే ముందు రావాలని లేదు. 2020లో అమెరికా ఎమర్జెన్సీ వార్డుల్లో కోవిడ్‌తో వచ్చిన 65 పైబడిన 817 మందిని చూస్తే 28 శాతం మంది వచ్చేటప్పటికే డెలీరియంలో, అంటే జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే అయోమయంలో ఉన్నారు, వాళ్లలో మూడో వంతుకి పైగా మందికి జ్వరం, ఆయాసం లాంటి మామూలు లక్షణాలే లేవు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ తికమకగా మాట్లాడితే "వయసైపోయింది" అని స్కోరు పెంచేయకూడదు, అది జబ్బు లక్షణం, చాలావరకు తగ్గేదే.

స్కేలు చేయలేనిది ఏంటంటే, అంకె రాశాక పని దానంతట అది జరగదు. మంచం మీద ఉంచేస్తే కండ కరిగే స్పీడు చూస్తే భయమేస్తుంది, 2007లో వచ్చిన ఒక స్టడీలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్లని 10 రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ల కండ దాదాపు 1 కిలో పోయింది, జబ్బు లేకుండానే అంత, ఇక జ్వరం, తిండి లేకపోవడం తోడైతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అవసరం తీరిన యూరిన్ పైపు తీయించడం, భోజనానికి కుర్చీలో కూర్చోబెట్టడం, గదిలోనే మంచం నుంచి తలుపు దాకా నడిపించడం, కళ్లజోడు, వినికిడి మెషీన్ పెట్టడం, నీళ్లు తాగించడం, రాత్రి నిద్ర చెడగొట్టకుండా ఉండడం, ఇవేవీ ఖరీదైన వైద్యం కాదు. అమెరికాలో దాదాపు ఇవే పద్ధతిగా చేసి 1999లో ఫలితాలు చెప్పారు, 70 దాటిన 852 మందిలో డెలీరియం మామూలు వార్డులో 15 శాతం, ఇలా చూసుకున్నచోట 9.9 శాతం. మా పెద్దమ్మ విషయంలో పైపు తీయించడానికి మేం అడుగుతూనే ఉండాల్సొచ్చింది, అడక్కపోతే డిశ్చార్జ్ దాకా ఉండేదేమో.

ఇంకో పెద్ద కంప్లయింట్. దీన్ని ఐసీయూ గేటు దగ్గర టికెట్ లాగా వాడే ప్రమాదం ఉంది. ఇంగ్లండ్‌లో వైద్యానికి గైడ్‌లైన్లు ఇచ్చే నైస్ సంస్థ 2020 మార్చి 20న కోవిడ్ గైడ్‌లైన్‌లో ఈ స్కోరు పెట్టింది, పుట్టుకతోనో చిన్నప్పటినుంచో వైకల్యం ఉన్నవాళ్ల ఇళ్లలో గగ్గోలు పుట్టింది, చక్రాల కుర్చీలో ఉన్న కుర్రాడికి కూడా 7 వేస్తారా అని, న్యాయమైన భయమే. మార్చి 25కల్లా మార్చారు, 65 లోపు వాళ్లకి, ఎప్పటినుంచో స్థిరంగా ఉన్న వైకల్యాలు, ఆటిజం, లెర్నింగ్ డిసేబిలిటీ ఉన్నవాళ్లకి వాడొద్దన్నారు. అది ముసలివాళ్ల కోసం చేసిన స్కేలు, అంతే. కార్డు మీద బొమ్మలు కూడా కొంత కారణం, బొమ్మలు చూసి పోలిక కుదిరింది అనుకుని కింద ఉన్న మాటలు చదవకుండా అంకె వేసేవాళ్లున్నారు. బొమ్మలు లేకుండా ఇచ్చుంటే ఆ తొందర కాస్త తగ్గి నేను 5 కి 5 ఇచ్చేవాణ్ణేమో.

కొనక్కర్లేదు, నెట్‌లో దొరుకుతుంది. 2020లో వచ్చిన వెర్షన్ 2.0 చూసుకోండి, పాతదాంట్లో 4ని "వల్నరబుల్" అంటారు, కొత్తదాంట్లో "వెరీ మైల్డ్ ఫ్రెయిల్టీ" అని మార్చారు, డాక్టరు ఒకటి చెప్పి మీరు ఇంకోటి చూస్తుంటే కంగారు పడతారు. మీరే స్కోరు వేసేసి డాక్టరుతో వాదించడానికి మాత్రం కాదు. ఒక్కో మెట్టు కింద ఉన్న రెండు మూడు లైన్లు చదివి, ఇంట్లో పెద్దవాళ్లు మామూలుగా ఉన్న రోజునే ఏది వాళ్లకి సరిపోతుందో, ఏ పని ఎప్పుడు మానేశారో ఒక కాగితం మీద తేదీతో రాసి మందుల ఫైల్లో పెట్టుకోండి, అడ్మిషన్ హడావిడిలో డ్యూటీలో ఎవరున్నా అది చేతికిచ్చేస్తే సరిపోతుంది.