థ్రెడ్ కోసే ఇన్సర్ట్ టూల్ హోల్డర్: వాడి చూశాక

లేత్ మీద బయటి థ్రెడ్లు కోయడానికి 16 ఈఆర్ ఇన్సర్ట్ (మార్చుకోగల చిన్న కోత బిళ్ల) పట్టే టూల్ హోల్డర్‌ను కొంతకాలంగా వాడుతున్నాను. ఏజీ 60 రకం (60 డిగ్రీల కోణపు థ్రెడ్లకు) ఇన్సర్ట్ ఒక్కటే 0.5 నుంచి 3 మిల్లీమీటర్ల పిచ్ (పక్కపక్క థ్రెడ్ల మధ్య దూరం) వరకు పనికి వస్తుంది. మూడు మొనలు ఉండటం వల్ల ఒకటి అరిగితే తిప్పి బిగించుకోవచ్చు, గ్రైండింగ్‌తో పని లేదు. అయితే దాని మొన చిన్న పిచ్‌కు తగ్గట్టు సన్నగా ఉంటుంది కాబట్టి, పెద్ద పిచ్ కోసేటప్పుడు పట్టికలో చూపిన లోతుకన్నా కొంత ఎక్కువ దించితే గానీ నట్టు ఎక్కదు, పైగా థ్రెడ్ అంచుల మీద మిగిలే లోహపు పొరక, అంటే బర్ర్‌ను ఆకురాయితో తీయవలసి వస్తుంది. ఒకే పిచ్‌ను పదేపదే కోసేవారికి ఆ ఒక్క పిచ్ పూర్తి ఆకారానికే చేసిన ఫుల్ ప్రొఫైల్ ఇన్సర్టే మేలు.

థ్రెడ్ చిరిగినట్టు గరుకుగా వస్తే చాలామంది ఇన్సర్ట్‌నే తప్పుపడతారు గానీ, మొన సరిగ్గా సెంటర్ ఎత్తులో (తిరిగే కడ్డీ మధ్య గీత ఎత్తులో) ఉందా, టూల్ పట్టి జరిపే కాంపౌండ్ స్లైడ్ వదులుగా ఉందా అన్నది ముందు చూడాలి. చివరి కోతల్లో లోతు మరీ తగ్గిస్తే మొన కోయకుండా రుద్దుకుంటుంది. వేగం మరీ తక్కువైతే ఇన్సర్ట్ కార్బైడ్ (గట్టిదే గానీ పెళుసైన పదార్థం) మొన పెచ్చులూడుతుంది. నెమ్మదిగా తిరిగే పాత లేత్‌లకు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూలే నయమని నా అభిప్రాయం.

హోల్డర్‌లోని షిమ్ (ఇన్సర్ట్ కింద ఉండే పలుచని ముక్క) ఇన్సర్ట్‌ను 1.5 డిగ్రీలు వాల్చి ఉంచుతుంది. సన్నని కడ్డీ మీద పెద్ద పిచ్ కోయాలంటే వేరే వాలు గల షిమ్ కావాలి. నాకు వచ్చిన పెట్టెలో అది లేకపోవడం ఒక్కటే నిజమైన లోటు.